శంషాబాద్‌లో లాంజ్‌కు వెళ్లేముందు చూసుకోవలసినవి

దసరా సెలవులకు పాలమూరు, నల్లగొండల నుంచి వచ్చి శంషాబాద్‌లో విమానమెక్కేవారు లాంజ్‌కు (విమానం ఎక్కేదాకా కూర్చుని తినే విశ్రాంతి గది) వెళ్తుంటే కొన్ని జాగ్రత్తలు.

గేటు మూసే సమయానికి చాలా ముందే మోగేలా ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. చాలా లాంజ్‌లలో బోర్డింగ్ ప్రకటనలు వినిపించవు. దేశీయ విమానాలకు సాధారణంగా 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు కనుక, వేడి దోసె కోసం వరుసలో నిలబడిపోతే టికెట్ డబ్బులు పోయినట్టే.

విమానయాన సంస్థ సొంత లాంజ్‌లోకి సాధారణంగా బిజినెస్ క్లాసువారికి, ఆ సంస్థ తరచు ప్రయాణికుల పథకంలోని పైస్థాయి సభ్యులకే ప్రవేశం ఉంటుంది. వెంట వచ్చిన బావమరిదికి అది వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

బ్యాంకు కార్డు చూపి లాంజ్‌కు వెళ్లేవారు, మూడు నెలల్లో కార్డుపై ఇంత ఖర్చు చేయాలన్న షరతు ఉంటే అది తీరిందో లేదో ఇంట్లోనే బ్యాంకు యాప్‌లో చూసుకోవాలి.

సాగనంపే బంధువులను పిలవకండి. లాంజ్ ఉండేది భద్రతా తనిఖీ దాటాక.