తుఫానుకు ముందే మన లెక్కలు – 3వ పాఠం: తీసిన కాపీ తెరుచుకుంటుందా?

మొదటి పాఠంలో మీ దుకాణం డేటా ఏ కంప్యూటర్లో, ఏ ఫోల్డర్లో ఉందో కాగితం మీద రాసుకున్నారు. రెండో పాఠంలో దాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీశారు. ఈ వారం ఆ కాపీని వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఒకప్పుడు ఆగిపోయాను కాబట్టే దీనికి ఒక పాఠం మొత్తం కేటాయిస్తున్నాను.

2014లో నేను విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12, ఆదివారం నాడు తీరం దాటింది. శనివారమే సీపీయూని వీధి వైపు అద్దాలకు దూరంగా, వెనక గదిలో బల్ల మీదకి ఎక్కించాం. లెక్కలు కాపీ చేసిన పెన్‌డ్రైవ్ షావుకారు గారు ఇంటికి పట్టుకెళ్లారు. తుఫాను కన్ను విశాఖ మీదుగా వెళ్లడంతో నడిమధ్య గాలి కాసేపు నిలిచింది, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. మేం భద్రమనుకున్న వెనక గది కిటికీ రెక్క ఆ రెండో గాలికే ఊడిపోయింది. సీపీయూ తడిసి ముద్దయింది.

కరెంటు వచ్చాక పెన్‌డ్రైవ్ పెట్టి చూశాం. పొడిగా ఉంది, బాగానే పనిచేస్తోంది. అందులో ‘అకౌంట్స్’ అనే పసుపు ఫోల్డర్ బొమ్మ, దాని మూల చిన్న బాణం గుర్తు. సైజు 2 కేబీ. నేను కాపీ చేసింది డేటాని కాదు, డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్‌ని, అంటే అసలు ఫోల్డర్‌కి దారి చూపే గుర్తుని. షావుకారు గారు నా మీద కోప్పడలేదు. “ఎవరెంత బాకీయో ఇప్పుడు ఆళ్లనే అడగాలేటి?” అన్నారంతే. బిల్లు పుస్తకాలు ఆరబెట్టుకుని, ఒక్కో పార్టీకి ఫోన్ చేసి ఆ ఖాతాలు మళ్లీ రాశాం.

కాబట్టి ముందు సైజు చూడండి. అసలు ఫోల్డర్ మీద, కాపీ మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. రెండింటి సైజు, ఫైళ్ల సంఖ్య కలవాలి. ఇది మామూలు ఫోల్డర్లకు సరిపోతుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడేవాళ్లకు మాత్రం బ్యాకప్ సైజు అసలు డేటాతో కలవదు, దాన్ని రీస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి డేటాని మళ్లీ బయటికి తెచ్చి చూడటమే దారి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్+వై నొక్కి రీస్టోర్ ఇచ్చేటప్పుడు ఇప్పుడు వాడుతున్న డేటా ఉన్న ఫోల్డర్నే చూపిస్తే, ఇవాళ్టి లెక్కల మీద పాత లెక్కలు కూర్చుంటాయి. అందుకే దుకాణం కంప్యూటర్లో ఈ ప్రయోగం వద్దు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ‘పరీక్ష’ అని ఖాళీ ఫోల్డర్ పెట్టి అందులోకి తెచ్చుకోండి. తర్వాత నిన్నటి ఆఖరి బిల్లు తెరిచి, నంబరు, మొత్తం కాగితం బిల్లుతో సరిచూడండి. పాత ఏడాది బిల్లు కూడా ఒకటి చూడండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా.

కాపీలు ఎన్నుండాలంటే, అసలుతో కలిపి మూడు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఊరి బయట. ఊరి బయట అంటే విజయనగరం కాదండీ, హుద్‌హుద్ ఆ జిల్లానీ వదల్లేదు. హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో డిస్క్ పెట్టినా సరే, క్లౌడ్ అయినా సరే. డిస్క్ పంపేటట్టయితే పాస్‌వర్డ్ పెట్టి పంపండి.

క్లౌడ్ వాడేవాళ్లు ఈ ముక్క శ్రద్ధగా చదవండి. తుఫాను తర్వాత కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వబోతే ఓటీపీ అడుగుతుంది. టవర్లు పనిచేయకపోతే ఆ మెసేజ్ రాదు. డేటా క్షేమంగా ఉంటుంది, మీ చేతికి మాత్రం అందదు. గూగుల్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ పేజీలో బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తుంది. అవి ప్రింట్ తీసి, ఇంటి దస్తావేజులతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడినదాన్ని కొట్టేయండి.

ఇక ఎప్పుడు చేయాలన్నది. 20 జీబీ డేటా 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో ఎక్కాలంటే నాలుగున్నర గంటలు పడుతుంది, అదీ లైన్ తెగకపోతే. వాతావరణ శాఖ తీరానికి కనీసం 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. అలర్ట్ వచ్చిన రోజు రాత్రే ఆఖరి కాపీ అయిపోవాలి. వార్నింగ్ వచ్చాక కిటికీలు, కొవ్వొత్తులు, పిల్లలు, ఆ టెన్షన్‌లో ఎవరూ ఫైల్ సైజులు చూడరు. మనకు గండం ఏడాదికి రెండుసార్లు, రుతుపవనాల ముందు ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈ పరీక్ష మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చేయండి.

ఈ వారం అభ్యాసం: మీ దుకాణంలో కంప్యూటర్ ముట్టని మనిషికి హార్డ్‌డిస్క్, ల్యాప్‌టాప్ ఇచ్చి నిన్నటి బిల్లు తెరవమనండి. మీరు నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగిపోతే అక్కడి అడుగు కాగితం మీద రాసి, డిస్క్ డబ్బా లోపల అంటించండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా ఆ కాగితం మీదే వేయండి. నాలుగో పాఠం యూపీఎస్, ఇన్వర్టర్ల గురించి. పోయిన కరెంటు తిరిగొచ్చిన క్షణంలో మెషిన్లు ఎందుకు కాలిపోతాయో అక్కడ చూద్దాం.