పుచ్చ పాదుకు పిందె నిలవడం లేదా?

తిరుపతి, చిత్తూరు వైపు మిద్దె మీదో పెరట్లోనో పుచ్చ పెట్టాలంటే జనవరిలో గింజ వేయడం మేలు. పాదు ఎక్కడైనా పేచీ పెడితే మందు కొట్టే ముందు రెండు సంగతులు చూడండి: పొద్దున పూల మీద తేనెటీగలు వాలుతున్నాయా? నీళ్ళు రోజూ ఒకేలా అందుతున్నాయా?

పూలు విరగపూశాయి, పిందె ఒక్కటీ లేదు
ముందు వచ్చేవన్నీ మగపూలే. ఆడపూవుకు రేకుల కింద నూగుతో చిన్న పిందె ఉంటుంది. అది కనబడేదాకా ఆగండి.

పిందె వచ్చింది, పసుపు పచ్చగా మారి రాలిపోయింది
బలం చాల్లేదనుకుని చాలామంది ఇక్కడే యూరియా వేస్తారు. ఆకు పెరుగుతుంది, పిందె మాత్రం నిలవదు. చాలాసార్లు అసలు లోటు పుప్పొడిదే. పుచ్చపూవు ఆయుష్షు ఒక్క పూటే; పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పై అంతస్తుల మిద్దెలకు తేనెటీగలు సరిగా రాకపోవచ్చు. 6 నుంచి 9 గంటల లోపు అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తీసేసి, ఆడపూవు నడుమ ఉండే బొడిపె మీద అన్ని వైపులా మెల్లగా రుద్దండి. ఒక పక్కే అంటితే కాయ వంకరగా వస్తుంది. నాలుగైదు రోజుల్లో పిందె ఉబ్బితే నిలిచినట్టే. వేపనూనె లాంటివి ఏం కొట్టినా తేనెటీగలకు తగలకుండా సాయంత్రమే కొట్టండి. ఎండ 40 డిగ్రీలు దాటాక పుప్పొడి సత్తువ తగ్గుతుంది, రుద్దినా ఫలితం అంతంతమాత్రమే. జనవరిలో విత్తమన్నది అందుకే.

పూవు రాలిన కొస నల్లబడి కుళ్ళుతోంది
ఇది తెగులు కాదు, కాయకు కాల్షియం అందలేదు. మట్టిలో ఉన్నా నీళ్ళతో పాటే పైకి పోవాలి కదా! ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు వరద పారిస్తే అందదు, కాయ పగిలేది కూడా దీనివల్లే. పాదు మొదలు చుట్టూ చెనిక్కాయ పొట్టు రెండంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు వాడి సాయంత్రానికి తేరుకుంటే టెన్షన్ పడక్కర్లేదు.

కాయ మీద సూది గుచ్చినట్టు చుక్క, లోపల పురుగులు
పండు ఈగ పని. ఈగల్ని వాసనతో లాగి పట్టడానికి మామిడికి కట్టే మిథైల్ యూజినాల్ ఎరబుట్ట దీనికి పనికిరాదు, క్యూల్యూర్ ఎర అడిగి తెచ్చుకోండి. పిందె నిమ్మకాయంత ఉన్నప్పుడే పల్చటి గుడ్డ సంచి తొడగండి. పాడైన కాయల్ని ఎరువు గుంతలో వేయకుండా కవర్లో గట్టిగా కట్టి ఎండలో పడేయండి.

తీగ కొస పైకి నిక్కి ఎండిపోతోంది
తామర పురుగులు (త్రిప్స్ అనే సన్నటి పురుగులు) మోసుకొచ్చే వైరస్ కావచ్చు. దానికి మందు లేదు. ఆ పాదు పీకేసి, మిగతా వాటి దగ్గర నీలం రంగు జిగురు అట్టలు కట్టండి.

కోస్తే లోపల తెల్లగా, చప్పగా ఉంది
తొందరపడి కోశారు. పుచ్చ కోశాక మాగి తీపెక్కదు. తట్టి చూడడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తొడిమ పక్కనున్న నులితీగ పూర్తిగా ఎండాలి, నేలకు ఆనిన చోట తెలుపు పోయి పసుపు తిరగాలి. ఆ దశకు వచ్చాక నీళ్ళు తగ్గించి, వారంలోపు కోసుకోండి.