మన ఒంటి మీదే ఎముకల పాఠం: తడిమి నేర్చుకునే పద్ధతి

బడి గోడకు వేలాడే అస్థిపంజరం పటాన్ని చూసి పేర్లన్నీ తడుముకోకుండా వల్లించే పిల్లవాణ్ణి, నీ ముంజేతి ఎముకల్లో ఒకటైన అరత్ని ఎక్కడుందో చూపించమని అడిగితే, తన చేతిని వదిలి పటం వైపు వేలు చూపిస్తాడు. పొదిలి, దర్శి ప్రాంతపు బడుల్లో చాలాకాలంగా జీవశాస్త్రం చెబుతున్న నేను ఇది ఎన్నోసార్లు చూశాను. అందుకే పటాన్ని పక్కన పెట్టి ఒంటి మీదనే ఎముకలను వెతికించడం మొదలుపెట్టాను. ఈ పద్ధతికి ఒక పలక, కొలత టేపు, జతగా మరొకరు ఉంటే చాలు. ఇంట్లో తల్లిదండ్రులు కూడా పిల్లలతో చేయించవచ్చు.

ముందుగా పలక మీద రెండు గడులు గీయండి. పుర్రె, వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక మొదలైన శరీర మధ్యాక్షపు ఎముకలు 80 ఒక గడిలోకి, కాళ్ళు చేతుల ఎముకలూ వాటిని మొండేనికి కలిపే భుజం, తుంటి ఎముకలూ మొత్తం 126 రెండో గడిలోకి వస్తాయి. పెద్దవారిలో ఇవి 206. పుట్టిన బిడ్డలో విడివిడి భాగాలు 270కి పైగానే ఉంటాయని, పెరిగే కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయని ఇక్కడే చెప్పాలి. లేకపోతే పెద్దయ్యాక ఎముకలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న పిల్లలను వదలదు. పళ్ళు ఈ లెక్కలోకి రావు.

ఇక తడమడం చేతితో మొదలుపెట్టండి. మోచేతి మొనను పట్టుకుని అక్కడినుంచి చిటికెనవేలి వైపు మణికట్టు దాకా వేలిని జార్చితే దారి పొడవునా తగిలే ఎముకే అరత్ని. బొటనవేలి వైపు ఉన్నది రత్ని. ఇప్పుడు అరచేతిని పైకి పెట్టి, మోచేతిని కదల్చకుండా, నెమ్మదిగా బోర్లించండి. రెండో చేత్తో ముంజేతిని పట్టుకుని ఉంటే రత్ని అరత్ని మీదుగా అడ్డంగా తిరగడం తెలుస్తుంది. తాళంచెవి తిప్పినా, సంగటి ముద్ద చేసినా ఈ కదలికే పని చేస్తుంది. మోచేయి తలుపు బందులా ఒకే దిక్కుకు మడుస్తుంది కనుక అది మడతబందు కీలు. భుజం అన్ని వైపులకూ తిరుగుతుంది కనుక బంతిగిన్నె కీలు. పేరు చెప్పకముందే కదిలించి చూపమంటే, పేరు దానంతటదే గుర్తుండిపోతుంది.

రొమ్ము దగ్గర గొంతు కింది గుంటలో వేలు పెట్టి సుమారు రెండంగుళాలు కిందికి జార్చితే ఒక అడ్డుగట్టు తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక, అక్కడినుంచి కిందికి లెక్కపెట్టుకోవచ్చు. పన్నెండు జతల్లో మొదటి ఏడు నేరుగా రొమ్ము ఎముకకు చేరతాయి, తర్వాతి మూడు పై పక్కటెముక మృదులాస్థిని, అంటే దాని చివరనున్న మెత్తని ఎముకను, పట్టుకుంటాయి, చివరి రెండు జతలు ముందువైపు దేన్నీ అంటుకోవు. రెండు చేతులూ పక్కటెముకల మీద ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమంటే, గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడే ఈ గూడు విచ్చుకునే గూడు అని పిల్లలకు అర్థమవుతుంది.

వెన్నెముకకు ఎక్కువ సమయం ఇవ్వండి. తలను ముందుకు వంచి మెడ వెనుక వేలు జార్చితే అన్నిటికన్నా ఉబ్బెత్తుగా తగిలేది సాధారణంగా ఏడవ మెడ పూస. దాని కింద వీపులో పన్నెండు, నడుములో ఐదు పూసలు ఉంటాయి. ఆ కింది ఐదు కలిసి త్రికాస్థిగా, సాధారణంగా చివరి నాలుగు కలిసి అనుత్రికంగా మారతాయి. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే చేతులు ఆనేది తుంటి ఎముకల పై అంచు. రెండు అంచులనూ కలుపుతూ గీత ఊహించుకుంటే, అది వెన్నును దాటే చోటు సుమారుగా నాలుగో నడుము పూస. వెన్నుకు మత్తుమందు ఇచ్చే వైద్యులు చోటు గుర్తించేది కూడా ఇలాగే. పిల్లల ఎత్తును నిద్రలేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. పూసల మధ్య మెత్తని బిళ్ళలు పగలంతా బరువుకు కాస్త అణగుతాయి కనుక సాయంత్రానికి సుమారు సెంటీమీటరు తగ్గుతుంది.

ఎముక లోపల ఏముందో తెలియడానికి కూర తిన్న తర్వాత మిగిలిన రెండు కోడికాలి ఎముకలను కడిగి ఆరబెట్టండి. ఒకదాన్ని వెనిగర్‌లో నానబెట్టి, రెండు రోజులకొకసారి వెనిగర్ మారుస్తూ వారం ఉంచితే, ఖనిజం కరిగిపోయి ఎముక రబ్బరులా వంగుతుంది. రెండోదాన్ని పెద్దవారే బొగ్గుల నిప్పులో తెల్లబడేదాకా కాల్చి చల్లార్చాలి. కొల్లాజెన్ అనే ప్రోటీను కాలిపోయి, నొక్కగానే పొడి అవుతుంది. గట్టిదనం ఖనిజానిది, విరగకుండా ఓర్చుకునే గుణం ప్రోటీనుది. ఈ ఒక్క ప్రయోగం కోసం పాఠమంతా మళ్ళీ చెప్పడానికైనా నేను సిద్ధమే.

ఎముక చచ్చిన కర్ర కాదు. దాని మజ్జలో రక్తకణాలు పుడతాయి, శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం దానిలోనే నిల్వ ఉంటుంది, కొన్ని కణాలు పాత ఎముకను తొలుస్తుంటే మరికొన్ని కొత్తది కడుతూ పెద్దవారిలో ఏటా సుమారు పదో వంతును మారుస్తూ ఉంటాయి. అలా కట్టేటప్పుడు మనం తాగే నీటిలో ఉన్నది కూడా అందులో చేరుతుంది. ఈ మాట మన ప్రాంతంలో చెప్పకుండా ఎముకల పాఠం పూర్తి కాదు.

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడు ఎక్కువైన నీటి వల్ల ఎముకలకూ పళ్ళకూ వచ్చే జబ్బు గురించి, వైద్య పత్రికలో ప్రచురించారు. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి కూడా నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970లో. నీటిలోని ఫ్లోరైడు ఎముక ఖనిజంలో చోటు చేసుకుంటే ఎముక చిక్కబడుతుంది కాని పెళుసవుతుంది, పూసలను కలిపే సంధిబంధనాల్లో కూడా సున్నం చేరి అవి బిగుసుకుపోతాయి. మా పెదనాన్నగారిని వెనుకనుంచి ఎవరైనా పిలిస్తే ఆయన మెడ తిప్పలేక నిలువునా ఒళ్ళంతా తిప్పి చూసేవారు. అది వయసు వల్ల వచ్చిందనుకున్నాం. ఆయన కష్టం పేరు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాబట్టి పాఠం చివర ఇంట్లోని పెద్దవారితో మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు తాకడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనుకభాగాన్ని తాకడం. నొప్పి, బిగుసుదనం వల్ల ఇవి చేయలేకపోతే అది ఫ్లోరోసిస్సేనని తేల్చేయకూడదు, కీళ్ళ జబ్బులు వేరే కూడా ఉంటాయి. వైద్యునికి చూపించి, తాగే నీటిని పరీక్ష చేయించాలి. పిల్లల పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటే కూడా నీటిని అనుమానించవలసిందే.

నీటిని కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. పాలు, రాగులు, ఉసిరి, నిమ్మ వంటివి తినే అలవాటు మేలు చేస్తుంది, ఎందుకంటే కాల్షియం, విటమిన్ సి తక్కువైన ఒంట్లో ఫ్లోరైడు నష్టం పెరుగుతుంది. అయితే తిండి మంచిదైనంత మాత్రాన చెడ్డ బోరునీరు మంచినీరు కాదు. పరీక్షకు పంపే నీటిని గాజు సీసాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. బోరును కొన్ని నిమిషాలు నడిపించి, అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి, నిండా నింపి మూత బిగించి, ఊరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ చీటీ మీద రాసి అంటించి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి.