వీపు మీద తీగ ఉన్న చేప పడితే

జూన్ 15న వేట మొదలవుతుంది, ఆ హడావిడిలో ఎవరూ వినరు కాబట్టి వలలు బాగుచేసుకుంటున్న ఇప్పుడే చెబుతున్నా. సూర చేపకో, కొమ్ముకోనానికో, సొరకో వీపు మీద చిన్న మైకు లాంటి గొట్టం, దాని కొసన సన్నటి తీగ కనిపిస్తే టెన్షన్ పడకండి. బాంబు కాదు. చేప ఎక్కడెక్కడ తిరిగిందో తెలుసుకోడానికి పెట్టిన ట్యాగ్.

విప్పొద్దు. మా జువ్వలదిన్నె వైపు బోటులో ఓ కుర్రాడు స్క్రూడ్రైవర్ తీస్తే సరంగు మామ చేతి మీద ఒక్కటేశాడు, మంచి పని చేశాడు. లోపలుండేది లిథియం బ్యాటరీ, పొడిస్తే మండిపోవచ్చు. పొయ్యి దగ్గరా ఇంజన్ దగ్గరా పెట్టొద్దు, తీగ కోయొద్దు.

నీళ్లలోంచి ఉపగ్రహానికి సిగ్నల్ అందదు. అందుకే అది లోతు, వేడి, వెలుగు రాసుకుంటూ ఉండి, పెట్టిన గడువు రాగానే ఊడి పైకి తేలి అప్పుడు పంపుతుంది, అదీ క్లుప్తంగానే. పూర్తి లెక్క లోపలే ఉంటుంది, కాబట్టి ట్యాగ్ చేతికి దొరకడమే దాన్ని పెట్టిన శాస్త్రవేత్తలకి పండగ. 2003లో దక్షిణాఫ్రికాలో ట్యాగ్ వేసిన నికోల్ అనే తెల్ల సొర 99 రోజుల్లో సుమారు 11,000 కిలోమీటర్లు ఈది ఆస్ట్రేలియా చేరిందని తెలిసింది ఇలాంటి దానివల్లే.

ట్యాగ్ రాసుకున్న వెలుగు చూసి, మిట్టమధ్యాహ్నం ఎప్పుడైంది, పగలు ఎంతసేపుంది అన్న రెంటినీ బట్టి చేప ఉన్న చోటు లెక్క కడతారు. అందులో వంద కిలోమీటర్ల తేడా రావడం మామూలే. మీ జీపీఎస్‌లో కనిపించే అంకెలు అంతకన్నా గట్టివి, అందుకని చేపని ఐస్‌లో వేసేముందే ఆ అంకెలు, తేదీ, ట్యాగ్ మీది నంబరు రాసుకుని ఫొటో తీయండి. పొడవు కొలిస్తే ఇంకా మంచిది. కొమ్ముకోనానికి కొమ్ము వదిలేసి కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకా కొలవాలి. ట్యాగ్‌ని మంచినీళ్లతో కడిగి, రేవుకి రాగానే మత్స్య సహాయకుడికి ఇవ్వండి.

ఒళ్లంతా చుక్కలుండే వేల్ షార్క్ పడితే మాత్రం ట్యాగ్ ఉన్నా లేకున్నా వల కోసైనా వదలాల్సిందే, 2001 నుంచి దాన్ని పట్టడం నేరం.

కొన్ని ట్యాగులు పొట్టలోపల పెట్టి కుడతారు, బయటికి సన్నటి తోకే కనిపిస్తుంది. చేపలు కోసే అక్కలకి ఇది ముందే చెప్పి ఉంచండి, లేకపోతే పేగులతో పాటు కుప్పలో పారేస్తారు.