పచ్చికపై స్ప్రింట్ (తక్కువ దూరపు) గుర్రప్పందెం: అంచనా వేసే ముందు

– నష్టపోయినా ఇంటి ఖర్చుకు లోటు రాని సొమ్మే పక్కన పెట్టుకోండి.

– గుర్రానికి ఈ దూరంలో గెలుపులు కనిపిస్తే, అవి పచ్చికపైనా మట్టిపైనా అన్నది ముందు చూడండి.

– ట్రాక్ ఏది? ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో బ్రీడర్స్ కప్ టర్ఫ్ స్ప్రింట్ అనే పచ్చిక పందెం 2008లో సాంటా అనీటా ట్రాక్ కొండవాలుపై సుమారు ఆరున్నర ఫర్లాంగులు (ఫర్లాంగు అంటే దాదాపు 200 మీటర్లు). 2017లో డెల్ మార్‌లో 5 ఫర్లాంగులే. వాలులో దిగుతూ గెలిచిన గుర్రం చదునులోనూ గెలుస్తుందనుకోవడం తొందరపాటు. అలాగని అర ఫర్లాంగు తేడాకే దేన్నీ కొట్టిపారేయకండి: స్టార్మీ లిబరల్ అనే గుర్రం ఇదే పందేన్ని 2017లో 5, 2018లో ఐదున్నర ఫర్లాంగుల్లో గెలిచింది.

– ఆ గెలుపు ఎప్పటిది, ఏ తరగతి పోటీలో?

– మలుపు త్వరగా వచ్చే చోట బయటి వైపు ప్రారంభ గేటు భారమే.

– వానకు పోటీని మట్టిపైకి మార్చారా? పచ్చిక లెక్కలన్నీ పక్కన పెట్టండి.