నోరు విప్పని పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడం ఎలా?

తెలుగులో గలగలా కబుర్లు చెప్పే పిల్ల ఇంగ్లీషు మీడియం క్లాసులో కూర్చోగానే మూగబోతుంది. ప్రశ్న అడిగితే లేచి నిలబడుతుంది, పక్కపిల్ల మొహం చూస్తుంది, కూర్చోమనేదాకా అలాగే ఉంటుంది. "చదువు రాదండీ దీనికి" అని తేల్చేస్తారు. గోదావరి పాయలైన గౌతమికీ వైనతేయకీ మధ్య ఊళ్ళలో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇలాంటి పిల్లల్లో నిజంగా చదువు రానివాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు. మాట్లాడబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం పడితే విసిగి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. అలా అడ్డం పడేది చాలాసార్లు మన టీచర్లమే. ఈ పద్ధతి మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పనిచేస్తుంది. సాయంత్రం అరుగు మీద ట్యూషన్ చెప్పే అన్నలూ అక్కలూ కూడా చేయొచ్చు.

కావలసినవి

నల్లబల్ల, సుద్దముక్క, రెండు భాషల పాఠ్యపుస్తకం, పాత క్యాలెండరు కాగితాలు, పిల్లకొక నోటుబుక్కు. అంతే. రాతకి పెన్సిలే వాడాలి, పెన్ను వద్దు. క్లాసులో డిజిటల్ ప్యానెల్ ఉంటే మొదటి రెండు నెలలు దాన్ని ఆన్ చేయకండి. బొమ్మ కదులుతున్నంతసేపూ పిల్లలు చూస్తూ కూర్చుంటారు, మాట్లాడరు. ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టండి. ఒకే ఊరివాళ్ళు పక్కపక్కన ఉంటే మంచిది.

1. వాళ్ళకి ముందే వచ్చిన ఇంగ్లీషు పోగెయ్యండి

మొదటి రోజు పాఠం మొదలుపెట్టకండి. "మీ ఇంట్లో, చెరువు దగ్గర, కొట్టు దగ్గర వాడే ఇంగ్లీషు మాటలు చెప్పండర్రా" అని తెలుగులోనే అడగండి. రొయ్యల చెరువుల వైపు పిల్లలైతే ఏరేటర్, ఫీడ్, సీడ్, హార్వెస్ట్, ఆక్సిజన్ అంటూ ఒకరి మీద ఒకరు పడి చెబుతారు. ముప్పై కౌంటు రొయ్య పెద్దదా, వంద కౌంటు రొయ్య పెద్దదా అని అడిగి చూడండి. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు కాబట్టి ముప్పైదే పెద్దదని ఐదో తరగతి కుర్రాడు తడుముకోకుండా చెబుతాడు. అవన్నీ బోర్డు మీద రాసి, నోటుబుక్కు మొదటి పేజీలోకి ఎక్కించండి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు పైకి తేలతాయని తెలిసిన పిల్లవాడికి సైన్సు పుస్తకంలో ఆ మాట కనబడినప్పుడు భయం వెయ్యదు.

2. పాఠం ముందు తెలుగులో

2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళకి రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. చాలామంది టీచర్లు తెలుగు పేజీని అచ్చుతప్పులా దాటేస్తారు. నేను ముందు ఆ పేజీయే చదివిస్తాను. పిల్ల పాఠాన్ని తన మాటల్లో చెప్పగలిగాకే ఇంగ్లీషు పేజీకి వెళతాం. అప్పుడు ఆమె వెతుక్కోవలసింది మాటలే, విషయం ముందే చేతిలో ఉంటుంది.

తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా వేసే బళ్ళు ఇంకా ఉన్నాయి. నాకు అది చూస్తే కడుపు మండుతుంది. కెనడాకి వలస వచ్చిన పిల్లల చదువులు పరిశీలించిన జిమ్ కమిన్స్ చెప్పినదాని ప్రకారం, కబుర్ల భాష రెండేళ్ళలో పట్టుబడుతుంది, పాఠాల భాషకి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఆ పిల్లలకి వీధిలో, బస్సులో, కొట్లో ఇంగ్లీషు వినబడేది. మన పిల్లలకి వినబడేది బడిలో ఉన్న కాసేపే. ఏడేళ్ళు పట్టే పనికి రూపాయి జరిమానాతో తొందర పెడితే పిల్ల నోరు మూసుకోవడం తప్ప ఏం చేస్తుంది? 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే చెప్పమంది. మీడియం ఏదైనా, ఇంటి భాషని గుమ్మం బయట వదిలి రమ్మనకండి.

3. ఆ రోజు వాక్యం

రోజుకి ఒక్క వాక్యం చాలు. "ఐ సా..." అనో, "ఐ థింక్... బికాజ్..." అనో బోర్డు మీద రాసి ఖాళీలు వదలండి. ఇద్దరిద్దరు ఒకరికొకరు చెప్పుకోనివ్వండి.

తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో మధ్యకి దూకుతుంది. "రేవుకి" అని మనం వెనక తగిలించే "కి" ఇంగ్లీషులో ముందుకొచ్చి "టు" అవుతుంది. దీన్ని వ్యాకరణంగా చెప్పకండి. క్యాలెండరు కాగితం ముక్కల మీద మాటలు రాసి నేల మీద పరిచి, పిల్లల చేత జరిపించండి. చేత్తో జరిపిన మాట గుర్తుంటుంది. "నాకు ఆకలేస్తోంది", "నాకు జ్వరం వచ్చింది" లాంటివి మాత్రం ముక్కలుగా కుదరవు, మొత్తం వాక్యంగానే నేర్పాలి.

4. పిల్ల నోరు తెరిచిన ఆ అర నిమిషం

పైవన్నీ కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇక్కడ పొరపాటు జరిగితే మాత్రం ఏడాదంతా పోతుంది. నెమ్మదిగా చదవండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నర్సాపురం వైపు పనిచేశాను. అక్కడ ఇంటింటా లేసు అల్లుతారు. జూన్ నుంచి మాట్లాడని ఒక అమ్మాయి ఆగస్టులో తనంతట తానే లేచి "మై మదర్ లేసు స్టిచ్చింగ్" అంది. నేను వెంటనే "ఈజ్ ఏదమ్మా? మై మదర్ ఈజ్. మళ్ళీ చెప్పు" అన్నాను. వెనక బెంచీ నవ్వింది. ఆ పిల్ల గౌను అంచుకి కుట్టిన లేసుని వేలితో మెలిపెడుతూ కాసేపు నిలబడి కూర్చుంది. ఏప్రిల్ దాకా మళ్ళీ లేవలేదు. వాళ్ళమ్మ గురించి ఆ పిల్ల ఇంకా ఏం చెప్పాలనుకుందో నాకు తెలియకుండానే పోయింది. దిద్దింది సరైన తప్పునే, దిద్దిన వేళ తప్పు.

అందుకని, ముందు ఆగడం నేర్చుకోండి. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కంటే ఎక్కువ ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, ఎక్కువమంది పిల్లలు నోరు విప్పుతారని అమెరికాలో మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. మన పిల్ల ప్రశ్నని తెలుగులోకి తెచ్చుకోవాలి, జవాబు తెలుగులో తట్టాలి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. మూడు సెకన్లు ఎక్కడ సరిపోతాయి? ఏడు ఆగాలి. బల్ల మీద చెయ్యి పెట్టి వేళ్ళు ఒక్కొక్కటిగా నొక్కుతూ లోపల లెక్కపెట్టుకోండి. మొదట్లో ఏడు సెకన్లు ఏడు నిమిషాల్లా ఉంటాయి.

ఆ ఏడు సెకన్లలో ప్రశ్నని ఇంకో రకంగా అడగకండి. అడిగితే పిల్ల మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మొదటి మాట అందించకండి. "తెలీదా?" అనకండి. పక్కవాడి వైపు చూడకండి, వాడు చెప్పేస్తాడు. కళ్ళలోకి చూసి చెప్పమనీ అనకండి. మన ఊళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళ ముందు గౌరవంతోనే తల దించుకుంటారు.

ఇక పిల్ల తప్పుగా చెబితే? మొన్న డిసెంబరులో గోదావరి లంకలో నుంచి వచ్చే కుర్రాడు "ఎస్టర్డే ఐ గో రేవు" అన్నాడు. నేను తల ఊపి, వాడు పూర్తి చేసేదాకా ఉండి, "ఓ, యూ వెంట్ టు ద రేవు! హూ వెంట్ విత్ యూ?" అన్నాను. వాడు కాసేపు ఆగి "తాత వెంట్ విత్ మి" అన్నాడు. చూశారా, "వెంట్" వాడికి చేరింది. తప్పు అని ఎవరూ అనలేదు, ఎవరూ నవ్వలేదు. తర్వాత "వాట్ డిడ్ తాత డూ?" అంటే "తాత... నెట్... త్రో" అని చేతులతో వల విసిరి చూపించాడు. అప్పుడు "త్రూ" అని సరిచేయలేదు, వల గురించే అడిగాను. ఒక్కో మాటామంతీలో ఒక్క తప్పే సరిచేయాలి. రెండోది ముట్టుకుంటే పిల్లవాడికి తాత మీద నుంచి ధ్యాస పోయి వ్యాకరణం మీద పడుతుంది.

"రేవు"కి ఇంగ్లీషు వెతకలేదని కూడా గమనించండి. దొరకని చోట తెలుగు మాటే ఉండనివ్వండి. "బుక్కు", "బస్సు" అని చివర ఉకారం పలికినా మొదటి మూడు నెలలు పట్టించుకోకండి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, నాలుక ఆ అలవాటు మానడానికి సమయం పడుతుంది. "వెరీ గుడ్" కూడా తగ్గించండి. చెప్పిన విషయానికి మనం బదులు చెప్పడమే పిల్లకి పెద్ద మెప్పు.

వినబడిన మిగతా తప్పులు ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, శుక్రవారం అందులో మూడు తీసి, పేర్లు చెప్పకుండా క్లాసు మొత్తానికి నేర్పండి.

ఎవరైనా నవ్వితే పాఠం ఆపి, తెలుగులో, గట్టిగానే, "మాట్లాడేవాళ్ళని చూసి ఈ క్లాసులో నవ్వకూడదు" అని చెప్పండి. నవ్వినవాడిని శిక్షగా లేపి ఇంగ్లీషు మాట్లాడించకండి. ఇంగ్లీషు శిక్ష అయిపోతుంది.

5. రాయించడం

మాట్లాడిందే రాయించండి. రోజుకి రెండు వాక్యాలు. గైడు చూసి ఎక్కించే రాత వద్దు.

6. ఇంట్లోవాళ్ళతో

"మాకు ఇంగ్లీషు రాదండీ, ఏం చెప్పగలం" అంటారు. పిల్ల ఆ రోజు పాఠాన్ని తెలుగులో చెబుతుంటే వినమనండి. కొబ్బరి దింపు నుంచి వచ్చిన నాన్నైనా, చెరువు మీద కాపలాకి వెళ్ళబోయే మావయ్యైనా పది నిమిషాలు వింటే చాలు.

సంక్రాంతి దాటినా నోరు విప్పని పిల్ల ఒకరో ఇద్దరో మిగులుతారు. వాళ్ళని క్లాసులో ఒత్తిడి పెట్టకండి. మధ్యాహ్న భోజనం అయ్యాక రెండో తరగతి గదికి పంపి, చిన్నపిల్లలకి బొమ్మల కథ చదివి వినిపించమనండి. మీరు లోపలికి వెళ్ళకండి, వరండాలోనే ఉండండి. నాకు కిటికీలో నుంచి మొదట తెలుగే వినబడుతుంది. రెండో వారంలో "లుక్, లుక్, బిగ్ ఫిష్" అని వినబడుతుంది.