డ్రైసూట్‌లో తడి: ఎండకు చెడిన మణికట్టు సీలు

ఐస్‌లాండ్‌లో డైవర్లు దిగే నీటి చీలిక సిల్ఫ్రాలో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. అంత చలికి వెట్‌సూట్‌ను, అంటే లోపలికి నీళ్లు చొరనిచ్చే నియోప్రీన్ (నురుగు రబ్బరు) డైవింగ్ సూటును, నమ్ముకోకూడదు. లోతుకు పోయేకొద్దీ నియోప్రీన్‌లోని గాలి బుడగలు నలిగి సూటు పలచబడుతుంది. 30 మీటర్ల దగ్గర పీడనం నీటి పైనున్న దానికి నాలుగింతలు. ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రైసూటే దిక్కు.

ఆ డ్రైసూట్‌ను కర్నూలులో రేకుల గదిలో పెట్టడమే తప్పయింది. 40 డిగ్రీలు దాటే ఎండాకాలంలో మణికట్టు దగ్గర నీళ్లు చొరకుండా పట్టి ఉంచే లేటెక్స్ (పలచటి రబ్బరు) సీలు బంకబంకగా మారి పగుళ్లిచ్చింది. నీళ్లలో దిగితే ఎడమ మోచేయి దాకా తడి.

కారే చోటు పట్టడానికి జిప్పు, గాలి వదిలే వాల్వు రెండూ మూశాను. మణికట్టు సీళ్లలో సీసాలు, మెడ సీలులో బంతి దూర్చి రబ్బరు బ్యాండ్లు బిగించి, గాలి నింపి సబ్బునీళ్లు పూశాను. బుడగలు లేచిన చోటే చిల్లు. బట్టలో సూదిబెజ్జమైతే లోపలివైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక యురెథేన్ జిగురు పలచగా రాసి 24 గంటలు వదలాలి. బంక పట్టిన లేటెక్స్‌కు మాత్రం అతుకు నిలవదు, సీలే మార్చాలి. మార్చాను.

కొత్త సీలు బిగుతుగా ఉంటే వేళ్లు మొద్దుబారతాయి. ముందు సీసాకు తొడిగి ఒక రాత్రి సాగనివ్వాలి. అప్పటికీ బిగుతైతే 5 మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించాలి, తొందర వద్దు: ఎక్కువ కోస్తే మళ్లీ కారుతుంది.

ఇప్పుడు మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, సీళ్లకు వాసనలేని టాల్కం అద్ది, చల్లటి గదిలో పెడుతున్నాను. నిప్పురవ్వలు వచ్చే మోటారు పక్కన వద్దు, అక్కడ పుట్టే ఓజోన్ లేటెక్స్‌ను తినేస్తుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్ దుస్తులే. నూలు చెమట పీల్చి ఒంటిని చల్లబరుస్తుంది.